సైనికుడి మెదడుకూ ఒక రికార్డు ఉండాలి

1967లో, వియత్నాం యుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, విలియం కేవ్‌నెస్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు ఒక నమోదు కార్యక్రమం మొదలుపెట్టాడు. తలలోకి తూటాయో పేలుడు శకలమో దూసుకుపోయినా బతికి బయటపడ్డ సైనికుల గురించి అక్కడి మిలిటరీ డాక్టర్లు ఒక ఫారం నింపాలి. గాయం ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది, స్పృహ ఉందా, మాట వస్తోందా వంటి వివరాలన్నీ రాయాలి. 1970 నాటికి 1,200 మందికి పైగా సైనికుల వివరాలు పోగయ్యాయి.

తర్వాత నలభై ఏళ్లపాటు పరిశోధకులు ఆ మనుషులను వదల్లేదు. 1980ల్లో ఒకసారి, 2000 దాటాక మరోసారి పిలిపించి, ఒక్కొక్కరిని రోజుల తరబడి పరీక్షించారు. గాయమైన పదిహేనేళ్లకు లెక్క చూస్తే 53 శాతం మందికి ఏదో ఒక దశలో ఫిట్స్ వచ్చాయి. కొందరికైతే మొదటి ఫిట్ వచ్చిందే పద్నాలుగేళ్లు దాటాక. అప్పటికి వాళ్లు యూనిఫాం విప్పేసి, పెళ్లిళ్లు చేసుకుని, వేరే ఉద్యోగాల్లో కుదురుకుని ఉన్నారు.

ఈ అధ్యయనానికి అసలు బలం యుద్ధభూమిలో నింపిన ఫారం కంటే ముందే సమకూరింది. అమెరికా సైన్యంలో చేరేటప్పుడు కుర్రాళ్లంతా ఒక రాతపరీక్ష రాస్తారు. లెక్కలు, పదజాలం, బొమ్మలను పోల్చుకోవడం వంటివి అందులో ఉంటాయి. ఎవరిని ఏ పనిలో పెట్టాలో తేల్చడానికి పెట్టిన ఆ పరీక్ష మార్కులు ఫైళ్లలో భద్రంగా ఉండిపోయాయి. గాయపడ్డవాళ్లకు మళ్లీ అదే పరీక్ష పెట్టి, పాత మార్కుల పక్కన కొత్త మార్కులు రాస్తే ఎంత పోయిందో తేలిపోయింది. దశాబ్దాల తర్వాత మనిషి తెలివితేటలు ఎలా ఉంటాయో అంచనా వేయడానికి గాయానికి ముందటి ఆ మార్కులే అన్నిటికంటే నమ్మకమైన ఆధారంగా నిలిచాయి.

సైనికుల మెదడు ఆరోగ్యం గురించి ఆలోచించే దేశం ఏదైనా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. చేరేనాటికి మెదడు ఎలా ఉందో రాసిపెట్టుకోకపోతే, ఇరవై ఏళ్ల తర్వాత ఏం పోయిందో ఎంత గొప్ప డాక్టరైనా తేల్చి చెప్పలేడు.

తల పగిలితే ఎవరికైనా కనిపిస్తుంది. చిక్కంతా కనిపించని గాయంతోనే. 1915లో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ డాక్టరు లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంతో ‘షెల్ షాక్’ అనే మాట వైద్యుల వాడుకలోకి వచ్చింది. ఒంటిమీద గీత కూడా పడకుండానే చూపు మందగించినవాళ్లు, జ్ఞాపకం పోయినవాళ్లు, వణుకు తగ్గనివాళ్లు ఫ్రాన్స్ కందకాల నుంచి ఆస్పత్రులకు వస్తున్నారు. ఫ్రెడరిక్ మాట్ అనే మరో బ్రిటిష్ వైద్యుడు అలా చనిపోయిన కొందరి మెదళ్లను పరీక్షించి, తెల్ల పదార్థంలో సూదిమొన అంత రక్తస్రావాలు ఉన్నాయని నమోదు చేశాడు. ఆ మాటను ఎక్కువమంది పట్టించుకోలేదు. మనోబలం చాలనివాళ్లు, పిరికివాళ్లు అనే ముద్ర వేసి ఆ సైనికులను పక్కనపెట్టారు.

మాట్ ఆపినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టడానికి వందేళ్లు పట్టింది. 2016లో అమెరికాలోని బెథెస్డా మిలిటరీ వైద్య విశ్వవిద్యాలయంలో డేనియల్ పెర్ల్ బృందం, పేలుళ్లకు గురై తర్వాత చనిపోయిన సైనికుల మెదడు ముక్కలను మైక్రోస్కోపు కింద పెట్టింది. బూడిదరంగు పదార్థం, తెల్ల పదార్థం కలిసే సరిహద్దు వెంబడి మచ్చలు బారులుగా కనిపించాయి. రక్తనాళాల చుట్టూ, మెదడు పైపొర అడుగున, ద్రవం నిండిన గదుల అంచుల వెంట కూడా అవే మచ్చలు ఉన్నాయి. పేలుడు తరంగం ఒక సాంద్రత ఉన్న కణజాలం నుంచి మరో సాంద్రత ఉన్న కణజాలంలోకి దాటేచోట తన శక్తిని వదిలేస్తుంది. మచ్చలు సరిగ్గా అలాంటి సరిహద్దుల్లోనే ఉన్నాయి. ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లలో గానీ, కారు ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ల మెదళ్లలో గానీ ఈ తీరు కనిపించలేదు. ఆ బృందం చూసిన పేలుడు బాధితుల మెదళ్లు ఎనిమిదే. చిన్న సంఖ్యే గానీ, అది లేవనెత్తిన ప్రశ్న చాలా పెద్దది. ఎందుకంటే ఈ మచ్చలు సీటీ స్కాన్‌లో పడవు, మామూలు ఎంఆర్‌ఐలోనూ పడవు. మనిషి బతికి ఉండగా వాటిని చూసే దారి లేదు.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో రోడ్డు పక్కన పాతిపెట్టిన బాంబులే ప్రధాన ఆయుధమయ్యాయి. 2000 నుంచి ఇప్పటివరకు అమెరికా సైన్యంలో దాదాపు 5 లక్షల మందికి మెదడు గాయం అయినట్టు నిర్ధారించారు. వాటిలో ఎనభై శాతానికి పైగా ‘మైల్డ్’ అన్న వర్గంలోనే పడతాయి. స్వల్పగాయం అనగానే ఎవరైనా తేలిగ్గా తీసుకుంటారు. 2018లో డెబొరా బార్న్స్, క్రిస్టీన్ యాఫే బృందం ప్రచురించిన అధ్యయనం చూశాక అలా తీసుకోవడం కష్టం. మెదడు గాయమైన 1,78,779 మంది మాజీ సైనికులను, గాయం కాని మరో 1,78,779 మందితో పోల్చి చూశారు. తీవ్ర గాయమైనవాళ్లలో మతి క్షీణించే డిమెన్షియా ముప్పు దాదాపు నాలుగు రెట్లు ఉంది. స్వల్పగాయమై, ఒక్క క్షణం కూడా స్పృహ తప్పనివాళ్లలో సైతం అది రెట్టింపు దాటింది. అదే యాఫే 2010లో ఇంకో సంగతి బయటపెట్టారు. యుద్ధ జ్ఞాపకాలు వెంటాడే పీటీఎస్‌డీ ఉన్న మాజీ సైనికుల్లో ఏడేళ్లలో 10.6 శాతం మంది డిమెన్షియా పాలైతే, ఆ బాధ లేనివాళ్లలో అది 6.6 శాతం.

ఇంతవరకు చదివినవారికి సైనికుడిగా పనిచేస్తే చివరికి మతి పోవడమేనన్న భయం కలగవచ్చు. అది సరికాదు. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికా సైనికుల మెదళ్లు 225 పరీక్షిస్తే, బాక్సర్లలో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో కనిపించే సీటీఈ అనే జబ్బు పది మందిలోనే బయటపడింది. ఆ పది మందీ తలకు దెబ్బలు తగిలే ఆటలు ఆడినవాళ్లే. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ వైనర్ బృందం వియత్నాం యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికులకు స్కాన్లు తీసి చూసింది. తలకు గాయమైనవాళ్లలో, పీటీఎస్‌డీ ఉన్నవాళ్లలో అల్జీమర్స్ గుర్తులైన అమిలాయిడ్, టౌ ప్రొటీన్లు మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఏమీ లేవు. అంటే ముప్పు నిజమే గానీ దానికి దారి అల్జీమర్స్ కాకపోవచ్చు. దెబ్బతిన్న నరాల తీగలు, సన్నని రక్తనాళాలు, ఏళ్ల తరబడి చాలని నిద్ర, తాగుడు, కుంగుబాటు వంటివన్నీ కలిసి పనిచేస్తుండవచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది కాబట్టి ఇది ఒక రకంగా మంచి కబురే.

బతికున్న మనిషి మెదడులో జరుగుతున్నది తెలుసుకోవడానికి ఇప్పుడు రక్తం ఒక దారి చూపిస్తోంది. మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు వాటిలోని ప్రొటీన్లు కొద్దికొద్దిగా రక్తంలోకి చేరతాయి. నరాల కణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్ల నుంచి జీఫాప్ వస్తుంది. నరాల కణాల లోపలి నుంచి యూసీహెచ్-ఎల్1 వస్తుంది. ఒక కణం నుంచి మరో కణానికి సందేశం మోసుకెళ్లే పొడవాటి తీగలు చిట్లితే న్యూరోఫిలమెంట్ లైట్ బయటపడుతుంది. దీన్ని పరిశోధకులు క్లుప్తంగా ఎన్ఎఫ్ఎల్ అంటారు. మిల్లీలీటరు రక్తంలో ఇవి పికోగ్రాముల లెక్కన మాత్రమే ఉంటాయి. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఇంత తక్కువ మోతాదును నమ్మకంగా కొలిచే యంత్రాలు గత పదిహేనేళ్లలోనే లేబొరేటరీలకు అందుబాటులోకి వచ్చాయి.

జీఫాప్, యూసీహెచ్-ఎల్1 రెంటినీ కొలిచే పరీక్షకు అమెరికా ఎఫ్‌డీఏ 2018 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. దాని అభివృద్ధికి డబ్బు పెట్టిన వాళ్లలో ముఖ్యమైనది అమెరికా రక్షణ శాఖ. 2024 ఏప్రిల్‌లో అబాట్ కంపెనీ చేతిలో పట్టే యంత్రంలో రక్తాన్ని నేరుగా పరీక్షించడానికీ అనుమతి వచ్చింది. చేతి నరం నుంచి తీసిన రక్తం చుక్కలు ఒక చిన్న కాట్రిడ్జ్‌లో వేసి యంత్రంలో పెడితే పావుగంటలో ఫలితం వస్తుంది. తలకు దెబ్బ తగిలిన మనిషికి సీటీ స్కాన్ అవసరమా కాదా అన్నది అక్కడికక్కడే తేలుతుంది. సీటీ యంత్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న శిబిరానికి ఇది ఎంత పెద్ద ఆసరాయో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ యంత్రం చెప్పేది దెబ్బ తగిలిన 24 గంటల లోపు సంగతి. ఇరవై ఏళ్ల తర్వాతి సంగతికి ఇంకో తరహా అధ్యయనం కావాలి. వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ సిఫూ ఆధ్వర్యంలో 2013 నుంచి ఒక పరిశోధక కూటమి అదే పనిమీద ఉంది. వేల మంది మాజీ సైనికులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పిలిచి రక్తం తీస్తారు, స్కాన్ చేస్తారు, జ్ఞాపకశక్తి పరీక్షలు పెడతారు, నిద్ర గురించి అడుగుతారు. ఆ కూటమిలోని దాదాపు 200 మంది రక్తం పరీక్షించి 2020లో ఒక ఫలితం ప్రకటించారు. మూడు, అంతకంటే ఎక్కువసార్లు స్వల్పగాయాలైనవాళ్లలో, ఆ గాయాలై ఏళ్లు గడిచినా ఎన్ఎఫ్ఎల్ ఎక్కువగానే ఉంది. అది ఎక్కువగా ఉన్నవాళ్లలో పీటీఎస్‌డీ, కుంగుబాటు లక్షణాలు కూడా ఎక్కువే.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ అంకెలు గుంపు గురించి నిజం చెబుతాయి, ఒక్క మనిషి గురించి ఇంకా తీర్పు చెప్పలేవు. వయసు పెరిగేకొద్దీ ఎన్ఎఫ్ఎల్ దానంతటదే పెరుగుతుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే ఈ ప్రొటీన్లు రక్తంలో పేరుకుపోతాయి. మనిషి లావుగా ఉంటే తక్కువగా కనిపిస్తాయి. శ్రీకాకుళం జిల్లా నుంచి సైన్యంలో చేరే కుర్రాళ్లు ఎక్కువ. అదే జిల్లాలోని ఉద్దానం కిడ్నీ జబ్బుతో దశాబ్దాలుగా అల్లాడుతోంది. అక్కడి మాజీ సైనికుడి రక్తంలో ఎన్ఎఫ్ఎల్ ఎక్కువగా కనిపిస్తే అది సరిహద్దులో పేలిన గుండు వల్లా, ఊరి కిడ్నీ జబ్బు వల్లా? అమెరికన్ల రక్తంతో తయారైన కొలబద్ద ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. సొంత కొలతలు మనమే తయారుచేసుకోవాలి. అంతకంటే మంచిది, ఒక మనిషిని అతడి పాత రక్తంతోనే పోల్చడం.

యుద్ధానికి వెళ్లనివాళ్ల మెదడుకూ ప్రమాదం ఉందన్న సంగతి ఇటీవలే బలంగా ముందుకొచ్చింది. 2023 అక్టోబర్‌లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం లూయిస్టన్ పట్టణంలో ఒక రిజర్వు సైనికుడు 18 మందిని కాల్చి చంపాడు. అతడు ఏ యుద్ధానికీ వెళ్లలేదు. గ్రనేడ్లు విసరడం నేర్పే శిక్షకుడిగా ఏళ్లపాటు పనిచేశాడు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఆన్ మెకీ బృందం అతడి మెదడును పరీక్షిస్తే తెల్ల పదార్థంలో నరాల తీగలు దెబ్బతిని ఉన్నాయి, సన్నని రక్తనాళాలకూ గాయాలున్నాయి, సీటీఈ మాత్రం లేదు. అతడు చేసిన ఘోరానికి ఈ గాయాలే కారణమని కచ్చితంగా చెప్పలేమని మెకీ స్పష్టంగా అన్నారు. ఆ మాటను గౌరవించాలి. మెదడు దెబ్బతిన్న మాజీ సైనికులను ప్రమాదకరమైనవాళ్లుగా చూడటం మొదలైతే, వైద్యం కోసం ముందుకొచ్చేవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు. కానీ శిక్షణ మైదానం గురించి ఆ కేసు లేపిన ప్రశ్న అలాగే నిలబడి ఉంది.

భుజంమీద పెట్టుకుని కాల్చే 84 మిల్లీమీటర్ల కార్ల్ గుస్తాఫ్‌నే చూడండి. గొట్టం వెనక నుంచి మంట, ముందు నుంచి గుండు ఒకేసారి బయటికి దూసుకొస్తాయి. కాల్చేవాడి తల గొట్టానికి ఆనుకుని ఉంటుంది. గుండు నింపే సహచరుడు పక్కనే మోకరిల్లి ఉంటాడు. రెండు పుర్రెల గుండా ఒత్తిడి తరంగం సాగిపోతుంది. దుమ్ము సర్దుకునేలోగా రెండో గుండు సిద్ధం. సాయంత్రానికి తలనొప్పి, చెవుల్లో హోరు. పొద్దునకు తగ్గిపోతుంది కాబట్టి ఎవరూ ఎక్కడా రాయరు. 2024 ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ జారీ చేసిన ఆదేశం సరిగ్గా ఈ రాయని తలనొప్పి గురించే. చదరపు అంగుళానికి 4 పౌండ్లకు మించిన పేలుడు ఒత్తిడి ఉండే పనులను గుర్తించాలని, సైనికులను వీలైనంత దూరంగా నిలబెట్టాలని, సైన్యంలో కొత్తగా చేరేవాళ్లందరికీ మొదట్లోనే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేసి భద్రపరచాలని అందులో చెప్పారు. వియత్నాం రాతపరీక్ష అనుకోకుండా చేసిన మేలును ఈసారి తెలిసి చేస్తున్నారు.

ఆ కార్ల్ గుస్తాఫ్‌నే మన సైన్యం 1970ల నుంచి వాడుతోంది. మన కుర్రాళ్లు శతఘ్నులు కాల్చడం నేర్చుకునే ఆర్టిలరీ సెంటర్ హైదరాబాద్‌లో, గోల్కొండ దగ్గరే ఉంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చుట్టుపక్కలవాళ్లు మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అక్కడి ఇళ్ల నుంచి మనుషులు సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. ఇలాంటి ఊళ్లలో రిటైరై వచ్చిన మనిషి చిన్న చప్పుడుకు ఉలిక్కిపడినా, మనవడు పళ్లెం జారవిడిస్తే కేకలేసినా, ‘మిలిటరీ మనిషి కదా, కోపం ఎక్కువ’ అని సరిపెట్టుకుంటారు. పేర్లు మరిచిపోతుంటే వయసు మీద పడిందంటారు. రాత్రుళ్లు నిద్రపట్టక తాగుతుంటే క్యాంటీన్ మందు అలవాటైందంటారు. ఇవన్నీ నిజం కావచ్చు కూడా. వీటి వెనక మెదడు గాయం ఉందేమో అని అడిగేవాళ్లు లేకపోవడమే బాధ. సాధారణ జవాను నలభై ఏళ్ల లోపే రిటైరవుతాడు. బ్యాంకు గార్డుగానో అపార్ట్‌మెంట్ సెక్యూరిటీగానో రెండో కొలువు మొదలుపెడతాడు. మెదడులో తేడా బయటపడే యాభై, అరవై ఏళ్ల వయసుకు అతడి సర్వీసు సంగతులు తెలిసిన డాక్టరు దగ్గర్లో ఉండడు.

పరిహారం విషయానికొస్తే రికార్డు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మూర్ఛ వల్ల సైన్యం నుంచి బయటికి పంపేసిన ఒక జవాను కేసులో 2013లో సుప్రీంకోర్టు గొప్ప తీర్పు ఇచ్చింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే, అతడు ఆరోగ్యంగానే చేరాడనీ జబ్బు సర్వీసులోనే వచ్చిందనీ భావించాలంది. అయితే ఈ రక్ష జబ్బు సర్వీసులో ఉండగా బయటపడినవాడికి. ఇంటికొచ్చిన పాతికేళ్లకు మతిమరుపు మొదలైతే, దానికీ ఎప్పుడో కాల్చిన గుండ్లకూ సంబంధం ఉందని దేన్ని చూపించి నిరూపించాలి? అమెరికాలో 2014 నుంచి ఒక నిబంధన ఉంది. సర్వీసులో మెదడుకు గాయమైన మాజీ సైనికుడికి పార్కిన్సన్స్, ఫిట్స్, కుంగుబాటు, డిమెన్షియా, కొన్ని హార్మోన్ లోపాలు వస్తే, గాయం తీవ్రతను బట్టి, గడిచిన కాలాన్ని బట్టి వాటిని ఆ గాయం ఫలితంగానే పరిగణిస్తారు. దానికీ గాయం రాసి ఉండటమే ఆధారం.

అగ్నివీరుల సంగతి మరీ తొందరపెడుతోంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ ప్రకారం నాలుగేళ్ల తర్వాత పావు వంతుకు మించి సైన్యంలో కొనసాగించరు. మిగిలినవాళ్లకు పింఛను లేదు, మాజీ సైనికుల వైద్యం చూసే ఈసీహెచ్ఎస్ వర్తించదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. ఇరవై రెండేళ్లకో ఇరవై ఐదేళ్లకో బయటికొచ్చే ఆ కుర్రాడు శతఘ్ని దళంలో నాలుగేళ్లు పనిచేసి ఉంటే, అతడి మెదడును తర్వాత ఎవరు గమనిస్తారు? 2022 చివర, 2023 మొదట్లో శిక్షణ మొదలుపెట్టిన తొలి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండేది 2026 చివర, 2027 మొదట్లో.

చేయాల్సిన పని కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. మన సైన్యంలో ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాల లెక్కతో వర్గీకరిస్తారు. అందులో మొదటి అక్షరం మానసిక స్థితిది, రెండోది వినికిడిది. వినికిడిని యంత్రంతో కొలిచినట్టే, జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను, ఆలోచనా వేగాన్ని ఒక ప్రామాణిక పరీక్షతో కొలిచి అంకెగా రాయవచ్చు. ఆ పరీక్ష తల్లిభాషలో ఉండాలి. దానికీ ఆధారం ఉంది. ఐసీఎంఆర్ తయారుచేయించిన మెదడు సామర్థ్య పరీక్షల సంపుటి తెలుగు, కన్నడ, హిందీ, బెంగాలీ, మలయాళ భాషల్లో సిద్ధంగా ఉంది. చేరిననాడే ఒక చిన్న ట్యూబు రక్తం తీసి ఫ్రీజ్ చేసి దాచితే, రేపు ఇంకా మంచి పరీక్షలు వచ్చినప్పుడు ఆ ట్యూబే సాక్ష్యం చెబుతుంది. ఏళ్ల తరబడి మనుషులను వెంబడించే అధ్యయనాలు మన దగ్గర సాధ్యం కావన్న వాదన కూడా నిలవదు. బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, తెలుగు మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉండే కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో, 45 ఏళ్లు దాటిన పది వేల మంది లక్ష్యంగా అలాంటి అధ్యయనం నడుపుతోంది. దానికి సైనిక కుటుంబాల ఊళ్లను జోడిస్తే పోల్చిచూడటానికి సామాన్యుల కొలతలు ముందే చేతిలో ఉంటాయి.

మందులేని జబ్బును ముందే చెప్పి భయపెట్టడం ఎందుకు, ప్రమోషన్ పోతుందేమో, పెళ్లి సంబంధం చెడుతుందేమో అని కొందరంటారు. ఆ భయాల్లో నిజం ఉంది. కాబట్టి ఈ ఫలితాలు పదోన్నతి బోర్డు ముందుకు వెళ్లకుండా, వైద్యుడి దగ్గరే ఉండేలా నిబంధన రాయాలి. ఎన్ఎఫ్ఎల్ అంకెను సైనికుడి చేతిలో పెట్టి పంపే రోజు ఇంకా రాలేదు, ఇప్పుడు పెట్టకూడదు కూడా. కానీ మందు లేదన్న మాట సగమే నిజం. డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం, మార్చుకోగలిగిన 14 కారణాలతో ముడిపడి ఉన్నాయని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్క కట్టింది. ఆ జాబితాలో తల గాయం ఉంది. దాంతోపాటే వినికిడి లోపం, రక్తపోటు, షుగరు, కుంగుబాటు, అతిగా తాగడం ఉన్నాయి. శతఘ్నుల పక్కన పనిచేసి వచ్చిన మనిషికి చెవి పరీక్ష చేయించి వినికిడి యంత్రం ఇవ్వడం, గురకపెడుతూ ఊపిరి ఆగే నిద్రజబ్బును పట్టుకోవడం, బీపీ అదుపులో ఉంచడం ఈరోజే చేయదగ్గ పనులు. సికింద్రాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఈసీహెచ్ఎస్ పాలిక్లినిక్‌కు షుగరు మాత్రల కోసం వచ్చిన మాజీ సైనికుణ్ని ‘సర్వీసులో ఏ దళం, ఎన్నేళ్లు కాల్పుల దగ్గర ఉన్నారు, తలకు దెబ్బలు తగిలాయా’ అని మూడు ప్రశ్నలు అడగడానికి ఏ జీవోతోనూ పనిలేదు.

సైన్యం నుంచి బయటికొచ్చేవాళ్లకు డిశ్చార్జి బుక్కు ఇస్తారు. ఏ యూనిట్, ఏ ట్రేడ్, ఏ పతకం అన్నీ అందులో ఉంటాయి. దానికి మరో పేజీ చేర్చాలి. ఏ ఆయుధం దగ్గర ఎంతకాలం పనిచేశాడు, తలకు ఎన్నిసార్లు దెబ్బ తగిలింది, చేరినప్పుడు, వెళ్లేటప్పుడు మెదడు పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయి అన్నది అందులో రాయాలి. అగ్నివీరుల చేతికిచ్చే కాగితాల్లోనూ అదే పేజీ ఉండాలి. తొలి బ్యాచ్ బయటికొచ్చేలోగా రక్షణ శాఖ ఈ ఒక్క ఉత్తర్వు జారీ చేసేలా తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగాలి.